వాడ చుట్టిన సారె

మిర్యాలగూడ ముందు ముక్కుకు తెలుస్తుంది, తర్వాతే కంటికి. బస్సు ఇంకా పొలిమేరలో ఉండగానే ఉడికిన వడ్ల వాసన, కాలిన ఊక వాసన కిటికీలోంచి వచ్చి పక్క సీట్లో కూర్చుంటాయి. ఆ రెండింటినీ దాటుకుని మిల్లుల వెనక వాడలోకి నడిస్తే మూడో వాసన ఎదురొస్తుంది. కాగిన నూనెలో నువ్వులూ వామూ కలిసిన వాసన. దాన్ని పట్టుకుని పోతే చాలు, దారి ఎవరినీ అడగనక్కరలేదు. అది తిన్నగా నాగరాణి వాకిట్లో దించుతుంది.

నాగరాణి నాకు వరసకు మేనకోడలు. వాళ్లమ్మ మా చిన్నాయన కూతురు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ, ఈ మూడూళ్ల మధ్య బస్సుల్లో తిరిగే నాకు ఏ బస్టాండులో ఏది తినొచ్చో, ఏది చూసి దండం పెట్టి వచ్చేయాలో బాగా తెలుసు. ఇన్నేళ్ల తిండి మీద ఒట్టేసి చెబుతున్నాను, ఈ మూడూళ్లలో నాగరాణి సకినానికి సాటి సకినం లేదు. మేనకోడలని చెప్పడం లేదు. మేనకోడళ్లు నాకు ఇంకా ఉన్నారు. వాళ్ల సకినాలు కూడా తిన్నాను, పన్ను కదిలింది.

మన పూర్వులు ఏనుగుల మీద శాస్త్రం రాశారు, గుర్రాల మీద రాశారు, దొంగతనం మీద కూడా రాశారంటారు. పంటికింద కరకరమనే చప్పుడు మీద మాత్రం ఎవరూ రాసినట్టు లేదు. రాసి ఉంటే అందులో మొదటి సూత్రం నాగరాణి చెప్పేదే అయ్యుండేది.

"గట్టిగున్నది వేరు మామా, గుల్లగున్నది వేరు. గట్టిది పంటిని గెలుస్తది. గుల్లది పంటికి ఓడిపోతది. గాని సప్పుడు జేసి ఓడిపోతది."

ఆమె పుట్టింది నడిగూడెంలో. తండ్రికి ఉన్నది వానకు పండే కొంచెం చెలక. తల్లికి ఉన్నది చెయ్యి. ఊళ్లో ఎవరింట్లో పెళ్లయినా, ఎవరి బిడ్డ కాన్పయి అత్తగారింటికి తిరిగి పోతున్నా, సకినాలు చుట్టడానికి ఆమెకు పిలుపు వచ్చేది. నాగరాణి తల్లి కొంగు పట్టుకుని పోయి, ఒక మూల తనకిచ్చిన పిండిముద్దతో కుస్తీ పట్టేది. సకినం చుట్టడమంటే చూసేవాళ్లకు ముగ్గు వేసినంత తేలికగా కనిపిస్తుంది. నానబెట్టి పట్టించిన కొత్తబియ్యం పిండి, అందులో నువ్వులు, వాము, ఉప్పు, నీళ్లు. అంతకు మించి ఏమీ లేదు. కానీ ఆ పిండిని రెండు వేళ్ల మధ్య మెలితిప్పుతూ, తెగకుండా, చుట్టు మీద చుట్టుగా గుడ్డ మీద వదలాలి. తల్లి వేళ్ల మీద ఒక్కటేసి చెప్పేదట: "కోడిపిల్లను పట్టినట్టు పట్టవే. ఇడిస్తే ఉరుకుతది, వత్తితే సస్తది."

ముత్తయ్యతో పెళ్లయి త్రిపురారం పక్కకు వచ్చింది. కాలువ నీళ్లు అందరి మళ్లూ దాటుకుని చివరికి వచ్చే చోట ముత్తయ్య పొలం. అందరూ తాగి మిగిలితే దానికి. అందుకే అతను మిర్యాలగూడ మిల్లులో పనికి కుదిరాడు, మిల్లుల వెనక ఒక కిరాయి ఇంట్లో కాపురం పెట్టారు. పొద్దున మిల్లుకు పోయేటప్పుడు సద్ది మీద నాలుగు గారెలు పెట్టేది నాగరాణి. మా వైపు గారెలంటే బియ్యప్పిండితో పలుచగా తట్టి నూనెలో గోలించేవి, విరిస్తే చిటుక్కుమనేవి. ఒకరోజు బియ్యం ఎత్తుకోవడానికి వచ్చిన లారీ డ్రైవరు ముత్తయ్య దగ్గర ఒకటి తిన్నాడు. తర్వాత ట్రిప్పుకు డబ్బా తెచ్చి ముందర పెట్టాడు. "అన్నా, అక్కతోని జెప్పి ఇది నింపియ్యి. రాత్రంత నిద్ర రాకుంట నములుకుంట పోత."

అలా మొదలైంది. కొందరి పేరు పేపర్లలో పోతుంది, నాగరాణి పేరు లారీల్లో పోయింది. కోదాడ దాబాల దగ్గర దిగింది, సూర్యాపేట కూరగాయల మార్కెట్లో దిగింది. ఇంటికి బోర్డు లేదు, దుకాణం లేదు. వంటింటి వెనక రేకుల షెడ్డు, రెండు పొయ్యిలు, జల్లిగంటె, పెద్ద బాండి, సాయానికి గీత అనే పిల్ల, పని ఎక్కువైనప్పుడు ఇంకా ఇద్దరు ఆడవాళ్లు. వారానికొకసారి కోదాడ నుంచి రమ్య అనే టీచరమ్మ ఫోన్ చేస్తుంది.

"నాగరాణి గారూ, జంతికలు ఈసారి కాస్త కారంగా పంపించండి. మా అత్తగారు చప్పగా ఉన్నాయన్నారు."

"జంతికలో, మురుకులో, పేరేదన్న మీరే పెట్టుకోండ్రి మేడం. కారం మాత్రం మీ అత్తమ్మను సూసి ఏస్త."

అవతల రమ్య పడీపడీ నవ్వడం స్పీకర్లో మాకందరికీ వినబడుతుంది.

ఏళ్లు గడిచేకొద్దీ నాగరాణి చేతికి ఒక కొలత కుదిరింది. సకినాలు డబ్బాలో ఒకదాని మీద ఒకటి కూర్చోవాలి, కదిలితే విరుగుతాయి. అందుకని ఆమె చుట్టే సకినాలన్నీ ముద్ర గుద్దినట్టు ఒకటే వెడల్పు, ఒకటే మందం. రెండు పక్కపక్కన పెడితే ఏది ముందు చుట్టిందో ఆమే చెప్పలేదు. ఆ ఇంటి కిరాయి కట్టింది, తర్వాత ఆ ఇల్లే కొన్నది, కూతురు చరితను ఫార్మసీ చదివించింది ఆ చుట్లే. మిల్లులో ముత్తయ్యను ఇప్పుడు పేరు పెట్టి పిలవరు, "సకినాలామె ఇంటాయన" అంటారు. అతను దానికి మీసం తిప్పుకుంటాడు.

చరితకు సూర్యాపేట సంబంధం కుదిరింది. పిల్లవాడు శ్రీహరి, బడి పంతులు. మాఘమాసంలో లగ్గం. నేను వారం ముందే సంచి సర్దుకుని వచ్చి వాకిట్లో మంచం ఆక్రమించాను. అప్పటికే ఇంట్లో ఒక గొడవ నడుస్తోంది.

మా వైపు ఆడపిల్ల అత్తగారింటికి పోయేటప్పుడు వెంట సారె పోవాలి. చీరలు, గిన్నెలు, బీరువా ఎన్ని పోయినా, బుట్టల్లో పిండివంటలు పోకపోతే ఆ సారెకు నోరుండదు. అక్కడ ఆ బుట్టలు విప్పి ఇంటింటికీ పంచుతారు. అందులో సకినాలను ఒక్క ఇంటివాళ్లే చుట్టుకోరు. వాడలోని ఆడవాళ్లను బొట్టు పెట్టి పిలుస్తారు. వాళ్లు వస్తారు, గుడ్డ చుట్టూ కూర్చుంటారు, పెళ్లికొడుకును తిడతారు, పెళ్లికూతుర్ని ఏడిపిస్తారు, చుట్టి పోతారు. కూలి ఉండదు. రేపు వాళ్లింట్లో పని పడితే వీళ్లు పోతారు. ఎవరూ రాసుకోరు, ఎవరూ మరిచిపోరు.

ముత్తయ్యకు ఇదంతా అనవసరపు తతంగంగా తోచింది. "గంత పరేషాన్ ఎందుకే? గీత ఉన్నది, ఇంకిద్దరు ఉన్నరు. రోజు జేసేటోళ్లే గద. ఒక్కపూటల ఖతం జేస్తరు."

"కూలిచ్చి చుట్టిస్తే అది సరుకైతది. సారె గాదు."

"తినేటోళ్లకు ఏం తెలుస్తది?"

"నాకు తెలుస్తది. నా బిడ్డకు తెలుస్తది. రోజు అమ్మేదే దాని ఎంబడి పంపిస్తే దుకాణంల కొని పంపినట్టే. నా బిడ్డకు వాడ లేదా? అది దిక్కులేని పిల్లనా?"

ముత్తయ్య నా వైపు చూశాడు. నేను ఆకాశం వైపు చూశాను. మొగుడూ పెళ్లాల మధ్య మాట్లాడిన మేనమామకు అన్నం ఆలస్యంగా వస్తుంది.

లగ్గానికి మూడు రోజుల ముందు సాయంత్రం నాగరాణి పట్టుచీర కట్టి, కుంకుమ భరిణె పట్టుకుని, చరితను వెంటబెట్టుకుని పిలుపులకు బయలుదేరింది. వాడ ఇరుకు. మంచం మీద కూర్చున్నా ప్రతి గడప దగ్గరి మాటా నాకు వినబడుతూనే ఉంది.

మొదట పక్కింటి సువార్తమ్మ. ఆమె బొట్టు పెట్టుకోదు, ఆదివారం చర్చికి పోయే మనిషి. ఆమె చేతిలో పూలు పెట్టి పిలవడం ఈ వాడ అలవాటు. నాగరాణి రెండు చామంతులు చేతిలో పెట్టి, "వదినె, రేపు పొద్దున చరిత సారెకు సకినాలు. తప్పకుండ రావాలె" అంది.

"వస్త తియ్. నా కోడలు అసుంటి పిల్ల."

అంతటితో ఆగితే బాగుండేది. కానీ రోజూ ఆడవాళ్లను పనికి పిలిచే నోరు అది. దాని దారిన అది పోయింది.

"పని ఇడిసిపెట్టుకుని వస్తరు, ఊకెనే పంపియ్య వదినె. గీతకిచ్చినట్టే మీకందరికి ఇస్త."

"ఏమిస్తవ్?"

"కూలి."

సువార్తమ్మ చేతిలోని పూలను చూసింది. వాటిని కిటికీ గూట్లో పెట్టింది. "పూలు పెట్టి పిలిసి కూలి మాట అనుడు ఏడ సూడలే తల్లీ. కూలికైతే మిల్లుకే పోతం గద" అని లోపలికి వెళ్లిపోయింది.

నాగరాణి దాన్ని మొహమాటం అనుకుంది. తర్వాత ప్రతి గడపలోనూ బొట్టు పెట్టింది, ప్రతి గడపలోనూ ఆ ముక్క చెప్పింది. చరిత కొంగు లాగుతోంది, ఆమె గమనించలేదు. ఎవరి కష్టమూ ఊరికే ఉంచుకోదని ఆమెకు పేరు, ఆ పేరే ఆమెకు బంగారం.

చివరికి ఎదురింటి లచ్చమ్మ. వాడలో అందరికంటే పెద్దది, పళ్లు పోయినా మాట పోని మనిషి. విషయం వినగానే నవ్వింది. "రేపేనా? మాకు సుత రేపే బిడ్డా. మా మనుమరాలు కవిత సంటిపిల్లతోని ఆత్మకూరు అత్తగారింటికి పోతాంది. సారెకు సకినాలు చుట్టాలె. మంచిరోజు మనం జెప్పినట్టు వినదు గద. ఉండు, నీకు సుత బొట్టు పెడ్త." లోపల్నించి తన భరిణె తెచ్చి నాగరాణి నుదుట కుంకుమ దిద్దింది. "మా ఇంటికి రావాలె మరి."

"నాకు రేపు తీరదు పెద్దమ్మా. ఒక డబ్బా నింపి పంపిస్త. మీరెవ్వరు గూడ చేతులు నొప్పి పెట్టుకోవద్దు. మీరు మా ఇంటికొస్తే కూలి సుత ఇస్త."

లచ్చమ్మ "అట్లనా" అంది. భరిణెకు మూత పెట్టుకుంది.

మర్నాడు పొద్దున్నే ముత్తయ్య నానిన బియ్యం గిర్నికి పట్టుకుపోయి, పిండి పట్టించి తెచ్చాడు. తడిపిండి పెళ్లికూతురి లాంటిది, ముహూర్తం దాటితే మొహం మారుతుంది. పొద్దున పట్టిస్తే ఆ పూటే చుట్టాలి, సాయంత్రానికి పులుస్తుంది. నాగరాణి గదంతా కడిగి, తెల్లటి పాత ధోవతులు పరిచింది. పిండిలో నువ్వులూ వామూ కలిపింది. చిన్న పిండిముద్దతో గౌరమ్మను చేసి, పసుపూ కుంకుమా పెట్టి ఒక మూల నిలిపింది. నన్ను మంచంతో సహా గడప అవతలికి జరిపించింది. చరిత పీటలు వేసింది, తాంబూలం పళ్లెం సర్దింది.

ఎవరూ రాలేదు.

ఎండ గోడ దిగి గుడ్డల మీదికి వచ్చింది. ఎదురింట్లోంచి గాజుల చప్పుడు, నవ్వులు, మధ్యలో చంటిపిల్ల ఏడుపు. చరిత వాకిట్లోకి పోయి చూసి వచ్చింది. "అమ్మా, అందరు గాడనే ఉన్నరు. సువార్తమ్మత్త సుత."

షెడ్డులోంచి గీత తొంగి చూసింది. "అక్కా, నేను షురూ జెయ్యనా? నాకు కూలి వద్దు."

"నువ్వు వద్దన్నా నా నోరు ఇస్తనంటది. ఇయ్యాల నా నోరే నాకు పగ. కూసో నువ్వు."

నాగరాణి ఒక్కతే గుడ్డ ముందు కూర్చుంది. ఇంత పిండి తీసుకుని ఒక సకినం చుట్టింది. పక్కన ఇంకోటి చుట్టింది. రెంటినీ చూసింది. ఒకటే వెడల్పు, ఒకటే మందం. మూడోది కావాలనే పెద్దగా చుట్టబోయింది, వేళ్లు తమంతట తామే కొలత దగ్గర ఆగిపోయాయి. అన్నింటినీ చెరిపి పిండిలో కలిపేసింది.

"సూడు మామా, డబ్బాలకు పొయ్యేదే వస్తాంది. నా చేతికి ఇంకోటి వస్తలేదు."

నాగరాణి చేతుల పిండి దులుపుకుంది. తర్వాత కూతుర్ని పిలిచింది.

"చరితా, లచ్చమ్మ పెద్దమ్మ చిన్న మనుమరాలి లగ్గానికి సకినాలకు పిలిస్తే నేను పోయిననా?"

"లే. డబ్బా పంపినవ్."

"సువార్తమ్మ వదినె బిడ్డ లగ్గానికి?"

"డబ్బా."

"మూల మీదింటోళ్లకు?"

"వాళ్లకు పెద్ద డబ్బా పంపినవమ్మా" అంది చరిత, తల్లిని ఓదార్చినట్టు.

నాగరాణికి నవ్వొచ్చింది, వెంటనే కళ్లు తుడుచుకుంది. లేచి నిలబడి, పిండి మీద తడిగుడ్డ కప్పింది. కొంగు నడుముకు దోపింది.

"ఏడికే?" అన్నాడు ముత్తయ్య.

"లచ్చమ్మ పెద్దమ్మ ఇంటికి. బొట్టు పెట్టి పిలిసిండ్రు."

"పిండి పులుస్తది!"

"పులవనీ."

ఆ ఒక్క మాట కోసం ఆ మనిషిని నా మేనకోడలని చెప్పుకోవడానికి నాకు ఇష్టం. పిండి పులుస్తుందని ఆమెకు తెలిసినంతగా ఈ జిల్లాలో ఎవరికీ తెలియదు. ఆ రోజు తప్పితే ఇంకో మంచిరోజు లేదు, పెళ్లి ఎల్లుండే. అంతా తెలిసి లేచింది.

నేను వెనకే పోయి లచ్చమ్మ గడప దగ్గర నిలబడ్డాను. ముసలివాళ్లు గోడల్లాంటివాళ్లు, ఎవరూ పక్కకు జరగమనరు. నాగరాణి లోపల అడుగు పెట్టగానే నవ్వులు ఆగిపోయాయి. సువార్తమ్మ మాత్రం ఊరుకోలేదు.

"అరే, సేటమ్మ వచ్చింది! లచ్చమ్మత్తా, ఈమెకు కూలి ఎంతిస్తవో ముందుగాల మాట్లాడుకో, మల్ల లొల్లి అయితది."

అందరూ గొల్లుమన్నారు. నాగరాణి నడుం మీద చెయ్యి వేసుకుంది. "నా కూలి మీరందరు గూడి ఇయ్యలేరు గాని, జర జరుగుండ్రి. కూసోనియ్యిండ్రి."

మళ్లీ నవ్వారు. ఈసారి నవ్వుతూ జరిగారు. ఆమె గుడ్డ అంచున కూర్చుని పిండి అందుకుంది. లచ్చమ్మ తన పని తాను చేసుకుంటూనే అడిగింది.

"బిడ్డ పెండ్లి పని ఇడిసిపెట్టి వచ్చినవా?"

"పిలిస్తివి గద పెద్దమ్మా."

"పిలిసిన. నిన్న పిలిసిన, అంతకుముందు పిలిసిన, ఇల్లు కొన్ననాటి సంది పిలుస్తనే ఉన్న. నీ డబ్బాలు తిన్నం బిడ్డా. మంచిగుంటయ్. పండ్లు లేనిదాన్ని, ఛాయల నానబెట్టుకుని నేను సుత తిన్న. గాని నువ్వు రాలే."

నాగరాణి వేళ్లు ఆగాయి. "డబ్బా పంపితే ఎక్కువ ఇచ్చినట్టనుకున్న పెద్దమ్మా."

"ఎక్కువే ఇచ్చినవ్. మళ్ల నీకు పెట్టేటందుకు మా తాన డబ్బాలేడియి? మా తాన చేతులే ఉన్నయ్."

ఇంత చదివాను, ఇన్ని ఊళ్లు తిరిగాను. ఇవ్వడం గురించి, తీసుకోవడం గురించి పెద్దవాళ్లు రాసినవి ఎన్నో చూశాను. ఆ ముసలామె పిండి చేతులతో చెప్పినంత సూటిగా ఎవరూ చెప్పగా వినలేదు.

నాగరాణి తల వంచి చుట్టడం మొదలుపెట్టింది. ఆమె చెయ్యి చుట్టే వేగానికి ఆ వాడ ఆడవాళ్లు ఒకరి వెంట ఒకరు తమ పని ఆపి చూశారు. రోజూ ఆమె షెడ్డు పక్కనే బతుకుతున్నా, ఆ చెయ్యి ఆడుతుండగా చూసినవాళ్లు లేరు. డబ్బా మూత తీసి చూసినవాళ్లే అందరూ. పిల్లను ఒళ్లో వేసుకున్న కవిత అడిగింది, "ఇన్ని సమంగ ఎట్లొస్తయత్తా?"

"పాపం తగిలి" అంది నాగరాణి. మళ్లీ నవ్వులు లేచాయి.

ఆ పిండి అడుగంటేసరికి పొద్దు వాలింది. లచ్చమ్మ మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచింది. "ఇంక కూసున్నరేందే? ఎదురింట్ల పిల్ల సారె పిండి పులుస్తాంది. లేవుండ్రి, లేవుండ్రి."

పిండి చేతులతోనే, కొంగులు దోపుకుని, వాడంతా సందు దాటింది. దాటడమంటే నాలుగు అంగలే. కానీ ముత్తయ్య గడపలో నిలబడి వాళ్లను చూసిన చూపు, ఎండిన పొలానికి కాలువ నీళ్లు వచ్చినప్పుడు కూడా అతని మొహంలో నేను చూడలేదు.

లచ్చమ్మ తడిగుడ్డ తీసి, పిండి వేలితో నాలుక మీద వేసుకుంది.

"పుల్లగయ్యిందా?" అంది నాగరాణి.

"అయ్యింది. జరంత."

"ఎట్ల మరి?"

"ఎట్లేంది? ఇంకింత వాము ఎయ్యి. సూర్యాపేటోళ్లకు పులుపంటే పానం."

నాగరాణి బాండి ముందు కూర్చుంది, ఎందుకంటే గోలించడంలో ఆమె మాటకు ఎదురు లేదు, అది అందరూ ఒప్పుకున్నదే. మిగతావాళ్లు గుడ్డల చుట్టూ కూర్చున్నారు. సువార్తమ్మ సకినం మధ్యలో పెద్ద ఖాళీ వదులుతుంది. మూల మీదింటి కోడలు లావుగా చుడుతుంది. లచ్చమ్మ చెయ్యి వణుకుతుంది, ఆమె చుట్లు గాలికి కదిలే చెరువు నీళ్లలా ఉంటాయి. గీత కూడా పీట లాక్కుని కూర్చుంది, ఆమెను ఎవరూ కూలిదానిగా చూడలేదు. ఆమె కూడా ఆ రోజు వాడమనిషే.

ఒకసారి నాగరాణి లేచి వచ్చి, వంకర తిరిగిన ఒక సకినాన్ని సరిచేయబోయింది. లచ్చమ్మ ఆమె చేతి మీద టపీమని ఒక్కటిచ్చింది.

"నీ దుకాణం సరుకా అది? ఉండనియ్."

గోలించడం మాత్రం మామూలు పని కాలేదు. ఒకే కొలతవి అయితే అన్నీ ఒక్కసారి ఎర్రబడతాయి. ఇక్కడ లావువి, సన్నవి, మెలికలవి. ఒకటి మాడేలోగా ఇంకోటి పచ్చిగా ఉంటుంది. నాగరాణి ఏరి ఏరి జతలు కట్టింది. లావువాటికి మంట తగ్గించింది, సన్నవాటికి పెంచింది, ఒక్కోదాన్ని జల్లిగంటె మీద చిన్నపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తింది. ఆమె మొహం మంటకు ఎర్రగా ఉంది. అన్నేళ్లలో ఆ పొయ్యి ముందు ఆమె పాట పాడగా నేను వినలేదు. ఆ రోజు పాడింది. పెళ్లికొడుకును తిట్టే పాట.

లగ్గం బాగా జరిగింది. ఆ సంగతి మిగతా పెళ్లిళ్ల లాంటిదే, వదిలేస్తాను. వ్రతానికని మేమంతా సూర్యాపేట పోయాం. అక్కడ శ్రీహరి వాళ్లమ్మ చుట్టాల ముందు, తమ వాడ ఆడవాళ్ల ముందు సారె బుట్టలు విప్పించింది. మంచి మనిషే, కాకపోతే మనసులో మాట నోట్లో ఆగదు. ఒక చేతిలో లావు సకినం, ఇంకో చేతిలో వంకర సకినం పట్టుకుని తిప్పి చూసింది.

"వదినె, మీకు మస్తు పేరున్నది. మా సూర్యాపేటల సుత మీ డబ్బాలు దొరుకుతయి. నేను గూడ కొన్న. అవన్ని అచ్చు గుద్దినట్టుంటయి. గివేంది, ఒకదాని తీరు ఒకటి లేదు?"

చరిత తల వంచుకుంది. ముత్తయ్య నా మోచెయ్యి పట్టుకున్నాడు.

నాగరాణి బుట్టను తన ఒళ్లోకి లాక్కుంది. తొందరపడలేదు. ఒకటి తీసి అందరికీ కనబడేలా ఎత్తింది.

"గిది మా ఎదురింటి లచ్చమ్మ పెద్దమ్మది. సూపు ఆనది, చేయి వణుకుతది. అందుకే గిట్ల అలలు అలలుంటది. మా వాడల అందరికన్న పెద్దది. గిది సువార్తమ్మ వదినెది, నడుమ ఖాళీ ఇడుస్తది, ఎంత జెప్పిన వినది. గీ లావుది మూల మీదింటి కోడలుది. ఆమె అన్నిట్ల గంతే, కూర సుత గంటెడు పెట్టుమంటే గిన్నెడు పెడ్తది. గిది మా గీతది. గిది బాలింతది, సంటిపిల్ల ఏడుస్తుంటె ఒంటి చేత్తోని చుట్టింది."

శ్రీహరి వాళ్లమ్మ బుట్టలోకి వంగింది. "మరి మీదేది వదినె?"

"నాది ఒక్కటి గూడ లేదు. నావి లచ్చమ్మ పెద్దమ్మ మనుమరాలి ఎంబడి ఆత్మకూరుకు పోయినయ్. మా వాడల బిడ్డ సారెకు వాడ చుడ్తది, తల్లి గోలిస్తది."

ఆ మాట చెప్పేటప్పుడు ఆమె గొంతు పెంచలేదు. గడ్డం మాత్రం కొద్దిగా పైకి లేచింది. ఇంటి కాగితాలు చేతికి వచ్చిన రోజు కూడా ఆమె అలా తల ఎత్తగా నేను చూడలేదు.

శ్రీహరి వాళ్లమ్మ లచ్చమ్మ చుట్టినదాన్ని కొరికింది. ఆ చప్పుడు గది అవతలి కొసకు వినిపించింది. నమిలింది, ఇంకోసారి కొరికింది.

"జర పుల్లగున్నది."

"ఉంటది. వాడంత వచ్చేదాక ఆగింది పిండి."

ఆమె మిగతా ముక్క కూడా నోట్లో వేసుకుని లేచింది. "నడువుండ్రి వదినె, పంచుదాం. ఎవరిది ఎవరింటికియ్యాల్నో నాకేం తెలుసు, మీరే జెప్పాలె."

సూర్యాపేట వాడలో ఇద్దరు వియ్యపురాళ్లూ ముందు నడిచారు, వెనక చరిత బుట్ట పట్టుకుని నడిచింది. మొదటి ఇంటి గడపలో ఒక పెద్దామె కూర్చుని ఉంది. నాగరాణి ఆమె ముందు వంగి, రెండు చేతులా ఒక సకినం పెట్టింది.

"తీసుకో పెద్దమ్మా. మిర్యాలగూడల మా సువార్తమ్మ వదినె చుట్టింది."